సర్ ఆర్థర్ కాటన్ దొరగారు – మన జలమార్గములు

నదులు దేశమునకు రెండు విధముల నుపకరించుచున్నవి. పొలమునకు నీరై పంటను పండించుట యొకటి; పండిన పంటను వీపుపై మోసి యితరులకు చేర్చుట రెండవది. మొదటి యుపకారమును లోక మెన్నడును మరువదు. రెండవదానిని మాత్రము మన తరమువారు దాదాపుగా మరచిరి. ఈ మరపును గూర్చియే మన మహాసభ ప్రత్యేక సంచికకు కొన్ని మాటలు వ్రాయ సంకల్పించితిమి. ఇందుకు గోదావరీ తీరవాసులకు మిక్కిలి పరిచితుడైన సర్ ఆర్థర్ కాటన్ దొరగారి చరిత్రమే తగిన యాధారమని తలచితిమి.

ముందుగా మా తప్పు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. మేము ముప్పది యేండ్లకు పైగా కాలువగట్టు గ్రామములలో ఉపాధ్యాయత్వము నెరపితిమి. ప్రతి సంవత్సరము కాటన్ దొరగారి పాఠము చెప్పుచునే యుంటిమి. ఒకనాడు ఒక బాలుడు లేచి, నీటిని ఆపుటకు ఒక తలుపు చాలునుగదా, మన యూరి లాకునకు రెండు జతల తలుపులును నడుమ తొట్టివంటి కట్టడమును ఎందులకని యడిగెను. అవి చేలకు నీరు సరిగా పంచుటకని మేము సమాధానము చెప్పితిమి. అది తప్పు. తలుపుల నడుమనున్న ఆ తొట్టి పడవకొరకు కట్టినది, పొలముకొరకు కాదు. శాస్త్రములు చదివినవారమన్న పేరేగాని, ఇంటిముంగిటి వస్తువు ప్రయోజన మెరుగకపోతిమి. పిదప తెలిసికొని సిగ్గుపడితిమి. నాటి బాలునకు చెప్పవలసిన సమాధానమే యీ వ్యాసము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీని ఇంగ్లండు దేశమున జనించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. పదునైదవ యేట అడిస్కంబు సైనిక పాఠశాలలో ప్రవేశించి యంత్రశాస్త్రమును అభ్యసించి, 1821లో చెన్నపట్టణము చేరెను. తూర్పిండియా కుంఫిణీ కొలువులో ఇంజనీరుగా ఆయనకు ప్రాప్తించిన తొలి పనులలో పాంబను జలసంధి పరిశీలన మొకటి. భారతదేశమునకును సింహళమునకును నడుమ ఓడలు సాగు త్రోవను కొలిచి చూచుటయే ఆ పని. కావున నీటిపై సరకు నడచు విషయము ఆయన మనస్సున యౌవనముననే నాటుకొనినదని చెప్పవచ్చును.

తరువాత కొంతకాలము బర్మా యుద్ధమున పనిచేసి, మరలి వచ్చి, కావేరీ మండలమున నియుక్తుడయ్యెను. అచ్చట చోళరాజుల నాటి కల్లణై ఇసుకపైననే రాళ్లు పేర్చి కట్టబడి శతాబ్దములు నిలిచియుండుట ఆయన కన్నులారా చూచెను. బండరాయి పునాది లేనిచోటను ఆనకట్ట నిలుచునను రహస్యము ఆయనకు ఈ దేశపు ప్రాచీన శిల్పులు నేర్పినదే. ఆ విద్యతోనే 1836లో కొల్లడము నదిపై ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను నిలబెట్టెను.

ఈ కాలముననే జరిగిన యొక విశేషమును చదువరులు గమనింపవలెను. 1837లో చెన్నపట్టణపు బాటలకు వలయు రాతిని తెచ్చుటకై రెడ్ హిల్స్ నుండి చింతాద్రిపేట వైపునకు ఇనుప పట్టాల బాట వేయబడెను. భారతదేశమున మొట్టమొదటి రైలుబాట అదియే యందురు. దానిని వేయించినవారిలో కాటన్ దొరగారే ముఖ్యుడు. పిమ్మట జీవితమంతయు రైళ్లకంటె కాలువలే మేలని వాదించిన మనుష్యుడు రైలు సంగతి తెలియక వాదించినవాడు కాడనుటకు ఇదియే నిదర్శనము.

ఇక ఆయన రాకకు పూర్వము మన గోదావరీ ప్రాంత మెట్లుండెనో చూతము. కోరంగి, నరసాపురము, మచిలీపట్టణము రేవులనుండి మన నేతవస్త్రములు దేశాంతరములకు పోవుచుండెడివి. యంత్రములపై నేసిన సీమబట్ట వచ్చిపడుటతో ఆ వర్తకము క్షీణించెను. రేవులు చిన్నబోయెను. లోతట్టున బాటలు లేవు. వానకాలమున నల్లరేగడిలో బండి కదలదు. సరకును పెరికెయెద్దులపై మోయవలసినదే. ఎద్దు మోయునది స్వల్పము, దాని మేతకగు వ్యయ మధికము. కావున ధాన్యము వంటి బరువైన, చౌకయైన వస్తువు నాలుగామడలు పోవునప్పటికి దాని కూలియే దాని వెలను మించుచుండెను.

దీని ఫలము 1832–33 నాటి నందన కరవున ఘోరముగా బయటపడెను. జనులు డొక్కల కరవని పిలిచిన యీ క్షామమున ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు మించి ప్రజలు నశించిరి. ఇతర ప్రాంతముల ధాన్యము లేకపోలేదు. తెచ్చుటకు త్రోవ లేదు. గడ్డి లేక పశువులు ముందుగానే చచ్చినవి. పశువులు చచ్చిన తరువాత ధాన్యము మోయువారు లేరు. పండుట యెంత యవసరమో, పండినది కదలుట అంత యవసరమని ఆ కరవు బోధించినది. 1839లో వచ్చిన తుఫాను ఉప్పెన కోరంగి ప్రాంతమును మరల ముంచివేసెను. గోదావరి యేటేట అపారమైన నీటిని సముద్రమున పోయుచుండగా దాని రెండు గట్లనున్న ప్రజలు దరిద్రులై యుండిరి.

కాటన్ దొరగారు 1844లో ఈ ప్రాంతమును పరిశీలించి కుంఫిణీవారికి నివేదిక వ్రాసెను. గోదావరికి ధవళేశ్వరమువద్ద అడ్డుకట్ట వేసి, ఇరువైపులకును నడిమి లంకలకును కాలువలు త్రవ్వవలెననియు, ఆ కాలువలు పంటకును పడవకును ఒక్కటే కావలెననియు ఆయన యభిప్రాయము. 1846 చివర అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరపు కొండనుండి రాతిని కొట్టి, పట్టాలపై బండ్లతో నదికి తెచ్చి, రమారమి పదివేలమంది కూలీలతో పని సాగించిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకల నడుమ ఈ కట్ట లేచెను. నడుమ అనారోగ్యముచే కాటన్ దొరగారు కొంతకాలము దూరము కాగా కెప్టెన్ ఓర్ పనిని నడిపెను. తెలుగువాడైన వీణెం వీరన్నగారు కూలీలను కూర్చి, వారి కష్టసుఖములు చూచి, పని ఆగకుండ నడిపించుటలో దొరగారికి కుడిభుజమై నిలిచెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

ఇప్పుడు ఆ లాకు సంగతి చెప్పుదుము. నేల సముద్రము వైపునకు వాలియుండును. కాలువను ఆ వాలుననే విడిచినచో నీరు వేగముగా పరుగెత్తి గట్లను కోయును, పడవ ఎదురెక్కలేదు. కావున కాలువను మెట్లుమెట్లుగా త్రవ్విరి. ఒక్కొక్క మెట్టున నీరు దాదాపు నిశ్చలముగా నుండును. మెట్టునకును మెట్టునకును నడుమ లాకు కట్టిరి. పైకి పోవు పడవ దిగువ తలుపులగుండ తొట్టిలో ప్రవేశించును. ఆ తలుపులు మూసి, ఎగువ నీటిని మెల్లగా లోనికి విడుతురు. నీటితోపాటు పడవయు లేచును. లోపలి నీరు ఎగువ నీటితో సమమైనప్పుడు పై తలుపులు తెరచుకొనును, పడవ సాగిపోవును. దిగువకు వచ్చు పడవకు ఇదే క్రమము తలక్రిందులుగా జరుగును. బస్తాలతో నిండిన పడవను నిలువెత్తు మెట్టెక్కించుటకు ఎద్దులు వలదు, బొగ్గు వలదు. రెండు తలుపులు త్రిప్పు లాకు నౌకరు చాలును. మోయు పనియంతయు నీరే చేయును.

పొలమునకు నీరిచ్చుటయే కోరినచో ఇంత శ్రమయు ఇంత వ్యయమును అక్కరలేదు. గోదావరి డెల్టాలో రమారమి 500 మైళ్ల కాలువలు పడవలు నడచుటకు తగినట్లు సిద్ధమైనవి. కాకినాడ కాలువ, సామర్లకోట కాలువ, అమలాపురము కాలువ, నరసాపురము కాలువ, ఏలూరు కాలువ అని మనము నేటికిని చెప్పుకొను పేరులన్నియు నొకప్పుడు వర్తకపు రాజమార్గముల పేరులే. నగరము లంకకు నీరు చేర్చుటకై గన్నవరమువద్ద వైనతేయపాయపై 49 కమానుల అక్విడక్టును హెయిగ్ దొర కట్టెను. బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855లో ఓర్ దొర యాజమాన్యమున ముగిసినది. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపెను. కృష్ణనుండి కొమ్మమూరు కాలువ పెదగంజామువరకు పోయెను. అచ్చటనుండి సముద్రతీరము వెంట చెన్నపట్టణమునకును, దానిని దాటి మరక్కాణమునకును ఉప్పుకాలువ సాగెను. 1806 నాటికే చెన్నపట్టణమువద్ద మొదలైన యీ కాలువ 1876–78 కరవునాటి సహాయపు పనులతో పొడిగింపబడి, 1878లో నాటి గవర్నరు పేరిట బకింగుహాము కాలువ యని పిలువబడెను. ఇట్లు కాకినాడలో ఎక్కించిన ధాన్యపు బస్తా సముద్రము ముట్టకయే చెన్నపట్టణమున దిగుటకు త్రోవ యేర్పడినది.

ఆ త్రోవలందు నడచిన సరకు ఎట్టిది? డెల్టా ధాన్యము, కొబ్బరి, బెల్లము, పొగాకు, ఉప్పు, వంటచెరకు, సున్నము, ఇటుక. భద్రాచలము అడవులనుండి టేకు దుంగలును వెదుళ్లును తెప్పలుగా కట్టబడి పాపికొండల నడుమనుండి రాజమహేంద్రవరమునకు దిగివచ్చెడివి. గాలి యనుకూలించినప్పుడు తెరచాప ఎత్తుదురు. లేనిచో గెడ వేయుదురు. అదియు చాలకున్న పడవవాండ్రు ఇద్దరు ముగ్గురు గట్టున నడచుచు త్రాడుతో లాగుదురు. అనేక బండ్లు మోయవలసిన సరకును నిశ్చలమైన నీటిపై ఇద్దరు మనుష్యులు లాగుకొని పోయిరనగా, అది నీటి మహిమయే గాని వేరు కాదు. మేము చిన్నవారమై యుండగా మా యూరి కాలువలో అట్టి పడవలు ఇంకను కొన్ని తిరుగుచుండెడివి. రాత్రివేళ లాకువద్ద ఆగిన పడవలో సరంగు వండుకొను చేపలపులుసు వాసనయు, తలుపులు తీయుమని వేయు కేకయు మాకు నేటికిని జ్ఞప్తియందున్నవి. మన సంఘీయుల యిండ్లలోని వృద్ధులు పలువురు ఇట్టి జ్ఞాపకములు చెప్పగలరు.

అయితే కాటన్ దొరగారి సంకల్పము డెల్టాతో ముగియలేదు. నాగపూరు, బేరారు సీమల ప్రత్తిని ప్రాణహిత, గోదావరులమీదుగా కాకినాడ రేవునకు దింపవలెనని ఆయన కోరిక. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రాగా సీమ మిల్లులకు ప్రత్తి కరవయ్యెను; అందుచే ఈ యూహకు బలము హెచ్చెను. నదిలో పెద్ద రాతి యడ్డంకులు మూడు. వానిలో మొదటిది దుమ్ముగూడెమువద్దను, రెండవది ఇచ్చంపల్లివద్దను కలవు. వానిని దాటించుటకు ఆనకట్టలు, ప్రక్కకాలువలు, లాకులు కట్ట నారంభించిరి. హెయిగ్ దొర ఏండ్లతరబడి అడవిజ్వరముల నడుమ ఈ పని చేసెను. రమారమి 7 లక్షల పౌనులు వ్యయమైన పిదప 1871లో దొరతనమువారు పనిని విడిచిపెట్టిరి. అప్పటికే 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరియుండెను. ప్రత్తి పడమటి త్రోవను పట్టెను. దుమ్ముగూడెపు ఆనకట్టయు లాకును మాత్రము ఆ స్వప్నమునకు గురుతులుగా మిగిలినవి.

తుంగభద్రపై సుంకేసులవద్ద మొదలై కడపవరకు పోవు కాలువయు ఆయన యూహనుండి పుట్టినదే. పంటకును పడవకును పనికివచ్చునని ఒక ప్రైవేటు కుంఫిణీ దానిని త్రవ్వించినది. వ్యయము లెక్కకు మించెను. మెట్టపైరులకు అలవాటుపడిన రైతులు వలసినంత నీరు కొనరైరి. పడవల రాబడియు అంతంతమాత్రమే. 1882లో దానిని దొరతనమువారు కొనవలసివచ్చెను. మహాపురుషుల చరిత్రము వ్రాయువారు జయములనే చెప్పి అపజయములను దాచుట మంచిది కాదు. మన దక్షిణ నదులు మంచుకొండలనుండి పుట్టినవి కావు. వానకాలమున పొంగి, వేసవిని ఇసుకమేటలగును. ఆ స్వభావమును ఆయన కొంత తక్కువగా తలచెనేమో యని మాకు తోచుచున్నది.

1854లో ప్రకటించిన గ్రంథముననే భారతదేశమునకు చౌకయైన రవాణా ప్రాణాధారమని ఆయన నిరూపింప యత్నించెను. 1860లో ఉద్యోగము విరమించి స్వదేశము చేరెను. 1861లో సర్ అను బిరుదు పొందెను. 1876–78 మహాక్షామమున రైళ్లుండియు చెన్నరాజధానిలో లక్షలకొలది ప్రజలు మృతినొందిరి. అంతట 1878లో సీమలో పార్లమెంటు ఉపసంఘము విచారణ జరుపగా, డెబ్బది యైదేండ్ల వృద్ధుడు వారి యెదుట నిలిచి సాక్ష్య మిచ్చెను. ఆయన సూచించిన జలమార్గములు వినుడు: గంగమీదుగా ఎక్కి సింధుమీదుగా దిగి కలకత్తానుండి కరాచీకి ఒకటి, గోదావరిమీదుగా ఎక్కి తపతిమీదుగా దిగి కాకినాడనుండి సూరతునకు ఒకటి, తుంగభద్రమీదుగా కార్వారునకు ఒకటి, పాలఘాటు కనుమ త్రోవను పొన్నానికి మరియొకటి. అన్నిటికిని 3 కోట్ల పౌనులు చాలునని ఆయన లెక్క. ఉపసంఘము ఆయన వాదమును అంగీకరింపలేదు. రైళ్లకే ధనము పోయెను. ఆ నిర్ణయమున రైలు కుంఫిణీల లాభమును, సేనలను త్వరగా కదల్చు నవసరమును గూడ పాలుపంచుకొన్నవని చరిత్రకారు లనేకులు చెప్పుదురు.

ఆయనయు కుంఫిణీ సేవకుడే. కాలువలు త్రవ్వించిన దొరతనమువారు శిస్తు హెచ్చునను లెక్కతోనే త్రవ్వించిరి; ధర్మముకొరకు మాత్రమే కాదు. ఇది మరువరాదు. కాని యజమాని లాభమును చూపి ప్రజకు మేలు చేయించిన సేవకుని నేర్పును మెచ్చకుండుట కృతఘ్నత యగును. గోదావరీ తీరమున స్నానసంకల్పమునందు ఆయన పేరు స్మరించు పెద్దలుండిరని ప్రతీతి.

చివరి దినములు డార్కింగు పట్టణమున గడపుచు, తొంబది యేండ్లు దాటినను నేల లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899వ సంవత్సరము జూలై 24వ తేదీని, తొంబదియారేండ్ల వయస్సున పరమపదించెను. మరుసటి యేడు, 1900 ఆగస్టులో, రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలువంతెన తెరవబడెను. ఆయన కట్టిన ఆనకట్టకు ఎగువనే, ఆయన ప్రతివాది నదిని దాటిపోయెను. నాటినుండి కాలువల సరకు క్రమముగా రైలెక్కెను. పిదప లారీ యెక్కెను. లాకుల తలుపులు తుప్పుపట్టెను.

పాత ఆనకట్ట స్థానమున 1970లో మొదలై 1982లో ముగిసిన బరాజి ఆయన పేరిటనే వెలసినది. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకుగల కాలువలను, గోదావరీ కృష్ణల భాగములతో కలిపి 4వ జాతీయ జలమార్గముగా కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. రమారమి నూటయేబది యేండ్ల క్రిందటి మాటకు మరల విలువ వచ్చినది. కాని ప్రకటన వేరు, పడవ నడచుట వేరు. కాలువలో గుర్రపుడెక్కయు చెత్తయు నిండి, గట్లు ఆక్రమణలకు లోనై, వంతెనలు పడవ పట్టనంత క్రిందుగా నుండగా జలమార్గము కాగితముపైననే పారును. రాళ్లతో నిండిన మహానదికి ఎదురీదిన కాటన్ దొరగారు ఓడిపోయిన తావున మనమును ఓడవచ్చును. కాని ఆయన గెలిచిన తావున, అనగా మన యిండ్లముందరి నిశ్చలమైన కాలువలలో, మనము ఓడిపోవుట న్యాయము కాదు.

మన సంఘ విద్యార్థులలో ఇంజనీరింగు చదువు బాలబాలికలు నేడు పలువురు కలరు. వారిని మేము కోరున దొక్కటియే. సెలవులలో ఊరికి వచ్చినప్పుడు మీ యూరి లాకువద్దకు పోయి, రెండు జతల తలుపులను, నడిమి తొట్టిని చూడుడు. అది యెందులకని మీ తమ్ములు అడిగినచో, మేము చెప్పినట్లు తప్పు చెప్పకుడు. మీ తాతల ధాన్యము దేశమెల్ల నడచిన త్రోవకు అది మెట్టని చెప్పుడు. ఆ మెట్టుపై మరల పడవ యెక్కు దినము మీ చేతులమీదుగా వచ్చుగాక యని ఆశీర్వదించుచు విరమించుచున్నాము.

శుభమస్తు.